పరగడుపు షుగరా, మూడు నెలల సగటా, గ్లూకోజు నీళ్ల పరీక్షా: ఏది మేలు?

ఒకే ఉదయం, ఒకే చేతి నుంచి తీసిన రక్తం. పరగడుపు షుగర్ 112, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.6 శాతం అని వచ్చాయనుకుందాం. మొదటి అంకె చూస్తే ఇంకా షుగర్ జబ్బు రాలేదు, అంచున ఉన్నారు. రెండోది చూస్తే వచ్చేసింది. ఇలాంటి రిపోర్టు చేతికొస్తే చాలామంది తమకు నచ్చిన అంకెను నమ్మి, రెండోది ల్యాబ్ పొరపాటు అనుకుంటారు. రెండూ సరైనవే కావచ్చు. అవి కొలిచేది ఒకే సంగతిని కాదు.

పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోకూడదు. డెసిలీటరు రక్తంలో 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే నార్మల్, 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్, 126 లేదా ఆపైన షుగర్ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం అంచు దశను 110 నుంచి లెక్కిస్తుంది. తేలికైన పరీక్షే గానీ, చెప్పేది ఆ ఒక్క ఉదయం సంగతే. జ్వరం, టెన్షన్, స్టెరాయిడ్ మాత్రలు ఆ అంకెను పైకి నెడతాయి. కిందికి లాగేది ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ట్యూబులోకి తీశాక కూడా రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. ప్లాస్మాను వేరుచేయకుండా అలాగే ఉంచేస్తే గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. అందుకే, శాంపిల్ తీశాక ఎంతసేపటికి పరీక్ష చేస్తారని ల్యాబ్‌లో అడగడం తప్పేమీ కాదు.

హెచ్‌బీఏ1సీ తీరు వేరు. రక్తంలో తిరిగే గ్లూకోజు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. కణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, ఎంత అంటుకుందో చూస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ఇందులో సగం దాకా వాటా చివరి నెలదే. పరీక్షకు నాలుగు రోజుల ముందు నోరు కట్టుకున్నా ఈ అంకె పెద్దగా లొంగదు! పరగడుపున వెళ్లాల్సిన పనీ లేదు. 5.7 లోపు నార్మల్, 6.5 దాటినా, సరిగ్గా అంతే ఉన్నా జబ్బు ఉన్నట్టే. 7 అంటే సగటున 154 మిల్లీగ్రాములు. షుగర్ ఉన్నవాళ్ల హిమోగ్లోబిన్‌లో ఈ తేడాను ఇరాన్ శాస్త్రవేత్త సామ్యూల్ రహ్‌బర్ 1968లోనే గుర్తించారు. జబ్బు నిర్ధారణకు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ దీన్ని ఒప్పుకున్నది మాత్రం 2010లో. అంతకాలం పట్టింది.

దీని బలహీనత కూడా ఆ ఎర్రకణంలోనే ఉంది. ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తం బాగా పోయినా, ఎక్కించినా, కణాలు త్వరగా చితికిపోయే జబ్బు ఉన్నా తక్కువ చూపిస్తుంది. సికిల్ సెల్, తలసేమియా, డయాలసిస్ ఉన్నవాళ్లలో దీన్ని నమ్ముకోకూడదు. పైగా సగటు కదా, ఎత్తుపల్లాలను కప్పేస్తుంది. రోజంతా నిలకడగా ఉన్నవారికీ, ఒకపూట 60, ఇంకోపూట 280 ఉన్నవారికీ ఒకే అంకె రావచ్చు.

మూడోది జీటీటీ. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగి, రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. అప్పుడు 140 లోపు ఉంటే నార్మల్, 200 లేదా ఆపైన అయితే జబ్బు. పరగడుపున బాగానే ఉండి, తిన్నాక మాత్రమే పెరిగే బాపతు షుగర్‌ను పట్టేది ఇదే. కాకపోతే కొందరికి వికారం పుడుతుంది, సగం పూట పోతుంది, మళ్లీ చేస్తే అంకె మారుతుంది కూడా. ముందు మూడు రోజులు మామూలుగా తినాలి. భయపడి తిండి తగ్గించుకుని వెళితే, ఫలితం తప్పుగా ఎక్కువ వచ్చే అవకాశం ఉంది. గర్భిణుల విషయంలో పోటీయే లేదు, 24 నుంచి 28 వారాల మధ్య ఈ పరీక్షే చేయాలి. గర్భంలో ఎర్రకణాలు త్వరగా మారిపోతుంటాయి కాబట్టి హెచ్‌బీఏ1సీ అక్కడ చాలదు. వాళ్లకు హద్దులూ వేరు: పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. ఏ ఒక్కటి చేరినా గర్భకాలపు షుగర్ కిందే లెక్క.

ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే మీటర్ మందులు వాడేవాళ్లకు మంచి తోడే గానీ, నిర్ధారణకు పనికిరాదు. దానికి 15 శాతం తేడా ప్రమాణాల్లోనే అనుమతి ఉంది. అంటే అసలు 126 అక్కడ 107 గానూ, 145 గానూ కనిపించవచ్చు.

నన్నడిగితే మొదటిసారి చూపించుకునేవారికి పరగడుపు, హెచ్‌బీఏ1సీ కలిపి చేయించడమే మేలు. రెండూ హద్దు దాటితే నిర్ధారణ అక్కడే అయిపోతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం లాంటి లక్షణాలుండి, ఏ వేళ చూసినా 200 లేదా ఆపైన ఉంటే ఈ పోలికలన్నీ అనవసరం, చికిత్స మొదలుపెట్టాల్సిందే.

ఇక ఆ 112, 6.6 రిపోర్టు. ముందు రక్తహీనత ఉందేమో చూడాలి. ఉంటే 6.6ను పక్కనపెట్టి జీటీటీకి వెళ్లడం మంచిది. లేకపోతే, హద్దు దాటిన పరీక్షనే మళ్లీ చేయాలి, అంటే హెచ్‌బీఏ1సీనే. రెండోసారీ 6.5 లేదా ఆపైన వస్తే, పరగడుపు అంకె ఎంత ముద్దుగా ఉన్నా అది షుగర్ జబ్బే. ఆ రెండో పరీక్ష కొద్ది రోజుల్లోనే చేయించాలి. మూడు నెలలు పథ్యం చేసి అప్పుడు వెళితే, తెలిసేది పథ్యం ఎంత పనిచేసిందన్నదే గానీ, ఇవాళ జబ్బు ఉందా లేదా అన్నది కాదు.