బెరియా మేలా, వీటన్ మేలా?

క్రైస్తవ కాలేజీ అనగానే మనకు గుంటూరు ఏసీ కాలేజీ, బందరు నోబుల్ కాలేజీ గుర్తొస్తాయి. మిషనరీలు పెట్టినా అవి యూనివర్సిటీకి అనుబంధంగా నడుస్తాయి, డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీయే. అమెరికాలో చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల పద్ధతి వేరు. ఏం చదివించాలో, డిగ్రీ ఎవరికివ్వాలో కాలేజీయే తేల్చుకుంటుంది. సైన్సు చదివే పిల్లవాడు కూడా చరిత్ర, సాహిత్యం, తత్వం చదివి తీరాలి. అలాంటి కాలేజీల్లో ఒకే ఆశయంతో పుట్టి వేర్వేరు దారులు పట్టినవి రెండున్నాయి: బెరియా, వీటన్.

కెంటకీ రాష్ట్రంలో బెరియాను 1855లో జాన్ ఫీ మొదలుపెట్టాడు. ఇల్లినాయి రాష్ట్రంలో మెథడిస్టు శాఖ క్రైస్తవులు పెట్టిన బడిని 1860లో జొనాథన్ బ్లాంచర్డ్ చేపట్టి వీటన్ కాలేజీగా నిలబెట్టాడు. ఇద్దరూ పాస్టర్లే, ఇద్దరూ బానిసత్వాన్ని గట్టిగా ఎదిరించినవాళ్లే. కాకపోతే ఇల్లినాయిలో బానిసత్వం చట్టవిరుద్ధం, కెంటకీలో అది చట్టబద్ధం. ఫీ తన బడిని బానిస యజమానుల మధ్యనే పెట్టాడు.

ఆ బడి ఒకే గది. ఆదివారం అదే చర్చి. బైబిల్లో మనం బెరయ అని చదువుకునే ఊరి పేరే దానికి పెట్టాడు. 1859 డిసెంబరులో ఆ జిల్లా పెద్దలు ఆయుధాలు పట్టుకుని వచ్చి, పది రోజుల్లో ఊరు విడిచిపొమ్మన్నారు. ఫీ, ఆయన తోటివాళ్లు ఆ చోటు వదులుకోవాల్సివచ్చింది. బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య సాగిన అంతర్యుద్ధం 1865లో ముగిశాక తిరిగొచ్చారు. 1866లో అక్కడ 187 మంది చదివారు. 96 మంది నల్లవాళ్లు, 91 మంది తెల్లవాళ్లు, ఒకే బల్లల మీద. ఆ కాలంలో అమెరికా దక్షిణాదిలో ఇది ఎంత అరుదో, మన ఊళ్లలో దళితుల పిల్లలను బడి అరుగు మీద కూర్చోబెట్టిన రోజులు తెలిసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

1904లో కెంటకీ శాసనసభ నల్ల, తెల్ల పిల్లలను కలిపి చదివించకూడదని చట్టం చేసింది. ఆ రాష్ట్రంలో అలా చదివిస్తున్న కాలేజీ బెరియా ఒక్కటే. కాలేజీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1908లో ఓడిపోయింది. కెంటకీవాడైన జస్టిస్ హార్లన్ ఆ తీర్పుతో విభేదించాడు. నల్లజాతి చరిత్రకు పితామహుడనిపించుకున్న కార్టర్ వుడ్‌సన్ బెరియాలో పట్టా పుచ్చుకున్నది 1903లో, అంటే సరిగ్గా ఏడాది ముందు. బెరియా గురించి ఒక చేదు మాట కూడా చెప్పాలి. చట్టం రాకముందే అప్పటి ప్రెసిడెంట్ ఫ్రాస్ట్ అపలాచియా కొండల్లోని తెల్ల పేదల వైపు మొగ్గి, నల్ల విద్యార్థులను వెనక్కి నెట్టాడు. 1950లో చట్టం సడలాకే తలుపులు మళ్లీ అందరికీ తెరుచుకున్నాయి.

ఇప్పటి విషయానికొస్తే, బెరియాలో 1892 నుంచి ట్యూషన్ ఫీజు లేదు. వీలునామాల ద్వారా షరతుల్లేకుండా వచ్చే సొమ్మంతా మూలధనంలోనే వేయాలని 1920లో ధర్మకర్తలు తీర్మానించారు. దాని మీద వచ్చే రాబడే పిల్లల చదువుకు పెద్ద దన్ను. బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు పనిచేయాలి. బూన్ టావెర్న్ అనే హోటల్లో, తోటలో, మగ్గం మీద, ఆఫీసులో. చీపుర్ల వర్క్‌షాపు కూడా ఉంది. జొన్న జాతి మొక్క కంకులను కర్రకు బిగించి కట్టి, వెడల్పుగా పరిచి దారంతో కుట్టుకొస్తారు. ఫిజిక్సు చదివే అమ్మాయి కూడా ఆ బల్ల ముందు కూర్చోవచ్చు. ఏ మతంవాళ్లయినా చేరవచ్చు, విశ్వాస పత్రం మీద సంతకం అడగరు.

వీటన్ అడుగుతుంది. అధ్యాపకులు విశ్వాస ప్రకటన మీద సంతకం చేయాలి, విద్యార్థులు ప్రవర్తనా నియమాలకు ఒప్పుకోవాలి. చాపెల్‌కు, అంటే కాలేజీ ప్రార్థన సభకు, హాజరు తప్పనిసరి. క్యాంపస్‌లో డ్యాన్సుకు అనుమతి దొరికింది 2003లోనే. 2015లో లారీసియా హాకిన్స్ అనే ప్రొఫెసర్ ముస్లింలకు సంఘీభావంగా హిజాబ్ కట్టుకుని, క్రైస్తవులు, ముస్లింలు ఆరాధించేది ఒకే దేవుణ్నే అని రాసినందుకు పెద్ద వివాదం చెలరేగింది. మరుసటి ఏడాది ఆమె వెళ్లిపోయారు. అలాగని వీటన్‌ను తీసిపారేయను. బైబిలు, దైవశాస్త్రం, సంగీతం లోతుగా చదవాలనుకునే విశ్వాసికి అక్కడి క్రమశిక్షణ బలమే. 1943లో పట్టా పొందిన ప్రసిద్ధ సువార్త ప్రసంగీకుడు బిల్లీ గ్రాహం అక్కడివాడే. 1977 ఉప్పెన తర్వాత ఆయన దివిసీమ ప్రాంతానికి వచ్చాడు, ఆయన సంస్థ ఇళ్లు కట్టించడానికి సాయం చేసింది.

నన్నడిగితే బెరియాకే ఓటు. దాని క్రైస్తవం ఫీజు రసీదులో కనిపిస్తుంది. పేదవాడి పిల్ల అప్పు లేకుండా పట్టా పుచ్చుకుని బయటికి రావడం కన్నా పెద్ద సాక్ష్యం నాకు తోచదు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయవచ్చు కాబట్టి మన పిల్లలకు ఆ పది గంటల పని చిక్కు కాదు. చిక్కల్లా సీట్ల దగ్గరే. ఎక్కువ సీట్లు కెంటకీ, అపలాచియా పిల్లలకే, విదేశీయులకు మిగిలేవి బహు కొద్ది. ఇంట్లో డబ్బున్నవాళ్లను బెరియా సాధారణంగా తీసుకోదు కూడా. అలాంటి విశ్వాసుల కుటుంబం అయితే వీటన్ చూసుకోవచ్చు. చేరేముందు ఆ నియమాల పత్రాన్ని పిల్లల చేత పూర్తిగా చదివించండి. సంతకం చేయాల్సింది వాళ్లే.