టాక్రోలిమస్: ఏళ్ల తరబడి వాడాక

కిడ్నీ మార్పిడి అయినప్పటి నుంచి, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ అనే మందు మీదే ఉన్నాను. కిడ్నీని కాపాడటంలో దీనికి వంక పెట్టను, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ నిలకడగానే ఉంది. నా గొడవంతా ఇది నరాల మీద చూపించే ప్రతాపంతోనే.

అన్నిటికన్నా ముందు వచ్చింది చేతి వణుకు. ఒళ్లో ఊరికే పెట్టుకుంటే చెయ్యి కదలదు. గ్లాసు ఎత్తితే, సంతకం పెట్టబోతే మొదలు. మాత్ర వేసుకున్న గంటా రెండు గంటలకు మరీ ఎక్కువ, ఎందుకంటే రక్తంలో మందు ఎక్కువగా ఉండేది అప్పుడే. రాతపని ఏదున్నా మాత్రకు ముందే కానిచ్చేవాణ్ణి. డాక్టరు రోజుకు ఒక్కసారి వేసుకునే రకానికి మార్చాక బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, అరికాళ్ల తిమ్మిర్లు కూడా ఉండేవి. నిద్ర విషయంలో మొదట్లో వాడిన స్టెరాయిడ్‌కీ వాటా ఉండే ఉంటుంది.

నాకు చిరాకు తెప్పించిన మాట ఒకటుంది: "లెవెల్ బాగానే ఉంది కదా!" లెవెల్ అంటే రక్తంలో ఉన్న మందు స్థాయి. ఉదయం మాత్రకు ముందు తీసిన రక్తంలో కనిపించేది రోజంతటిలో అతి తక్కువ స్థాయి. అది పరిధిలో ఉన్నా చెయ్యి వణకొచ్చు. ఈ మందు వల్ల మెగ్నీషియం మూత్రంలో పోతుంది, అది తగ్గితే వణుకు ఇంకా పెరగొచ్చు. నేను అడిగితేనే ఆ పరీక్ష రాశారు. తక్కువే వచ్చింది.

ఒకసారి చర్మానికి ఫంగస్ సోకితే వేరే డాక్టరు ఫ్లూకోనజోల్ ఇచ్చారు. నా మందుల చీటీ చూసి కూడా ఇచ్చారు! కొద్దిరోజులకే చొక్కా గుండీలు పెట్టుకోలేని స్థితి. లెవెల్ ఎక్కడికో వెళ్లిపోయింది, డోసు తగ్గించాక గానీ దారికి రాలేదు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌దీ ఇదే వరస. ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్ మాత్రం ఉల్టా, లెవెల్‌ని పడగొడుతుంది. అందుకే ఇప్పుడు ఏ కొత్త మందైనా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకి చెప్పాకే.

వణుకు సంగతి వేరు. ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, అయోమయం, ఫిట్స్ వస్తే తెల్లారేదాకా ఆగకండి. అరుదే గానీ, ఈ మందుతో మెదడులో వాపు రావచ్చు, బీపీ పెరిగినప్పుడు మరీను. వెంటనే పట్టుకుంటే చాలామందిలో తగ్గిపోతుంది.

సైక్లోస్పోరిన్‌కి మారదామా అనుకున్నాను. అదీ ఈ కుటుంబమే, వణుకు దాంతోనూ ఉంటుంది, పైగా చిగుళ్లు వాచడం, వెంట్రుకలు పెరగడం అదనం. ఇదే కొనసాగిస్తున్నాను. కిడ్నీకి ఐదుకు ఐదు, నరాలకు రెండు.