ర్యాంపు, సైకిల్ లేన్ కావాలంటే ఎవరిని అడగాలి? యాప్, ప్రజావాణి, ఆర్టీఐ, దివ్యాంగుల కమిషనర్: ఏది మేలు?

"మా బస్టాప్ దగ్గర ఫుట్‌పాత్ ఎక్కలేకపోతున్నాం, ఎవరికి చెప్పాలి?" "మా రోడ్డు మళ్లీ వేస్తారట, సైకిల్ లేన్ అడగొచ్చా?" హైదరాబాద్ నుంచి ఈ రెండు ప్రశ్నలూ పదే పదే వస్తున్నాయి. కార్పొరేషన్ ఫిర్యాదుల యాప్‌లో పెట్టాలా, అధికారులు నేరుగా వినతులు తీసుకునే సోమవారం ప్రజావాణికి వెళ్లాలా, ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయాలా, దివ్యాంగుల కమిషనర్‌కు రాయాలా అని అడుగుతున్నారు. నన్నడిగితే ముందు ఆర్టీఐ, దాని జవాబు రాగానే ప్రజావాణి. మిగతావి పనికిరావని కాదు, దేని పని దానిది.

యాప్ సంగతి త్వరగా తేల్చేద్దాం. మ్యాన్‌హోల్ మూత, వెలగని వీధి దీపం, తీయని చెత్త... ఇలాంటివాటికి యాప్ బాగుంటుంది. ఆ పనులకు డబ్బు, మనుషులు, కాంట్రాక్టరు ముందే ఉంటారు. ర్యాంపుకు అలా ఎవరూ ఉండరు. మీ ఫిర్యాదు చూసే ఉద్యోగికి మంచి మనసున్నా, ర్యాంపు కట్టించే అధికారం అతని చేతిలో ఉండదు. ఎక్స్‌లో ఫొటో పెట్టి ట్యాగ్ చేయడం కూడా దాదాపు ఇంతే.

ప్రజావాణికి వెళ్తే అధికారి ఎదురుగా నిలబడి మాట్లాడొచ్చు. అంతకన్నా ముఖ్యం, మీ కాగితం ఆఫీసుకు అందినట్టు దాని మీద వేసే ఇన్‌వార్డ్ నంబరు. ఆ నంబరు లేకపోతే మీరు అడిగినట్టే లెక్కలోకి రాదు. అయితే "మా ఏరియాలో ఫుట్‌పాత్‌లు బాగు చేయించగలరు" అని రాస్తే ఆ కాగితం ఎక్కడికీ కదలదు. ఇంజినీరు కొలవగలిగేలా రాయాలి: ఏ బస్టాప్, పక్కనున్న కరెంటు స్తంభం నంబరు ఎంత, అక్కడ కర్బ్ (ఫుట్‌పాత్ అంచు) ఎత్తు ఎంత, టేపు పెట్టి తీసిన ఫొటో ఒకటి.

ఈ కొలతల మీద కాస్త ఆగుదాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే ఆరు అంగుళాలు. నడవడానికి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ర్యాంపు వాలు 1:12. అంటే ఆరు అంగుళాల ఎత్తుకు ఆరు అడుగుల పొడవు ర్యాంపు కావాలి. మన దగ్గర చాలాచోట్ల కర్బ్ అడుగు ఎత్తుంటుంది, దానికి రెండడుగుల సిమెంటు ముద్ద వేసి ర్యాంపు అంటారు. ఆ వాలు మీద వీల్‌చైర్‌ను వెనక నుంచి ఇద్దరు తోసినా కష్టమే. పైగా బైకులు ఎక్కకుండా అని, వీల్‌చైర్ కూడా దూరనంత దగ్గరగా ఇనుప బొల్లార్డులు (పొట్టి స్తంభాలు) పాతుతారు. కాబట్టి "ర్యాంపు కావాలి" అని మాత్రమే రాసి వదిలేయకండి. ఎంత పొడవో, ఎంత వాలో, బొల్లార్డుల మధ్య ఎంత సందో కూడా రాయండి.

ఇక నేను ఆర్టీఐని ముందు పెట్టడానికి కారణం ఎస్టిమేట్, అంటే చేయబోయే పనుల, వాటి ఖర్చుల అంచనా పత్రం. రోడ్డు పని ఏదైనా ముందు ఎస్టిమేట్, తర్వాత మంజూరు, తర్వాత టెండరు, తర్వాత అగ్రిమెంటు. ఎస్టిమేట్‌లో ర్యాంపు ఒక ఐటమ్‌గా ఉంటే దానికి డబ్బు వస్తుంది, కాంట్రాక్టరు కట్టి తీరాలి, బిల్లు పెట్టేటప్పుడు కొలత పుస్తకంలో కనిపించాలి. అందులో లేకపోతే, టెండరు అయ్యాక మీరు ఎంత మొత్తుకున్నా "స్కోప్‌లో లేదండీ" అనే జవాబే వస్తుంది. ఆ జవాబు చెప్పే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) అబద్ధమాడటం లేదు. మనం వెళ్లిన సమయమే తప్పు.

ఎస్టిమేట్ ఏ దశలో ఉందో బయటివాళ్లకు తెలిసే దారి ఆర్టీఐ. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ర్యాంపు ఎందుకు కట్టలేదు?" అని అడగకండి. రికార్డులో ఉన్నది ఇవ్వడమే తప్ప, సంజాయిషీ చెప్పాల్సిన పని పౌర సమాచార అధికారికి లేదు. ఇలా అడగండి: ఫలానా చోటి నుంచి ఫలానా చోటి వరకు ఈ ఏడాది, వచ్చే ఏడాది ప్రతిపాదించిన పనుల జాబితా, వాటి ఎస్టిమేట్ ప్రతి, మంజూరు తేదీ, డ్రాయింగు. జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా చట్టంలోనే ఉంది, అదీ కోరండి.

ఇంకో మేలుంది. హైదరాబాద్‌లో ఒక రోడ్డు కార్పొరేషన్‌ది, పక్క రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)ది, ఇంకోటి జాతీయ రహదారుల సంస్థది. దరఖాస్తు తప్పు ఆఫీసుకు వెళ్తే, సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో అసలు ఆఫీసుకు వాళ్లే పంపాలి. మామూలు వినతిపత్రానికి ఆ భరోసా లేదు. జవాబు చేతికొచ్చాక, అందులోని పని పేరు, ఫైల్ నంబరుతో ప్రజావాణిలో ఇచ్చే కాగితం బరువే వేరు.

ర్యాంపు ఒక్కటే అడుగుతుంటే దివ్యాంగుల కమిషనర్ దారి చాలా బలమైనది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 41లో బస్టాపుల్లో సౌకర్యాలు, అందరూ వాడగలిగే రోడ్లు అని స్పష్టంగా ఉంది. రాష్ట్ర కమిషనర్‌కు కొన్ని సివిల్ కోర్టు అధికారాలున్నాయి. కమిషనర్ సిఫార్సు మీద ఏం చేశారో సంబంధిత శాఖ మూడు నెలల్లో తెలపాలి. వినతిపత్రానికి జవాబు రాకపోతే ఇక్కడికి వెళ్లండి, ఇన్‌వార్డ్ నంబరు జతచేయండి.

కోర్టు చివరి మెట్టు. బహిరంగ స్థలాలను దివ్యాంగులు వాడుకోగలిగేలా చేయాలని కోరిన రాజీవ్ రతూరి కేసు 2005లో వేశారు, తీర్పు 2017లో వచ్చింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ జోక్యం చేసుకుని, సౌలభ్య ప్రమాణాలు కేవలం సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు చేయాలని చెప్పింది. దానికి ఆధారమైన నివేదికను తయారుచేసింది మన హైదరాబాద్‌లోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సారే. ఇంత కష్టపడి తెచ్చిన తీర్పును మీ వినతిపత్రంలో ఒక వాక్యంగా రాసుకోవచ్చు, కొత్త కేసు అక్కర్లేదు. ఎమ్మెల్యేకు ఒక ప్రతి ఇవ్వండి, నష్టం లేదు.

సైకిల్ లేన్ దగ్గరికొస్తే చట్టం చేయి ఇంత బలంగా అందదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం సైకిళ్లకు చోటివ్వాలంటుంది. కానీ విధానాన్ని చూపి దివ్యాంగుల కమిషనర్ దగ్గర నిలదీయలేం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. చక్కగా ఉంది, వ్యాయామానికి వెళ్లేవాళ్లకు వరం. అయితే మెహిదీపట్నం నుంచి సైకిల్ మీద పనికి వెళ్లే వాచ్‌మన్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే ఊరి లోపల లేన్ అడగాలి. అదీ విడిగా కాదు, ర్యాంపు, 1.8 మీటర్ల ఫుట్‌పాత్ అడిగే వినతిపత్రంలోనే, రోడ్డు మళ్లీ వేసే ఎస్టిమేట్‌లోనే. హక్కుగా రావాల్సిన పనితో కలిపి అడిగితే, రోడ్డు వెడల్పును మళ్లీ పంచి డ్రాయింగు గీసేటప్పుడే సైకిల్‌కు చోటు దొరుకుతుంది.

కార్పొరేషన్ బడ్జెట్ ముసాయిదా చలికాలంలో తయారవుతుంది, ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. కాబట్టి ఆర్టీఐ దరఖాస్తు దసరా లోపే వేసేయండి.