బ్రోకరు పంపిన ఇన్‌స్పెక్టర్‌ని నమ్మి ఇల్లు కొనకండి

కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాద్దామంటే, ఈలోపు ఇంకెవరైనా అదే బ్రోకరు మాట విని సంతకం పెట్టేస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను. పేరు రాయను. ఈ మధ్య పాత ఇళ్ల కోసం తిరిగినవాళ్లకు ఎవరో తెలిసిపోతుంది. ఏ ఇల్లు చూపించినా "ఇంకో పార్టీ రెడీగా ఉంది సార్, రేపటికల్లా చెప్పేయండి" అంటాడు, ఆయనే.

ఇల్లు నచ్చింది. కొన్ని నెలలుగా ఖాళీగా ఉంది. కొనేముందు ఎవరైనా ఇంజనీరుకు చూపించుకుంటానని నేనే అడిగాను. "తప్పకుండా సార్, మాకు తెలిసినాయన ఉన్నారు, రేపే పంపిస్తా" అన్నాడు. ఫీజు నేనే కట్టాను. పని ఉందని ఆ రోజు నేను వెళ్లలేదు. మర్నాడు రిపోర్టు వచ్చింది, అది కూడా బ్రోకరు ఫోన్ నుంచే. గోడలు బాగున్నాయి, స్లాబు బాగుంది, ప్లంబింగ్ బాగుంది అని ఉంది. డబ్బు కట్టాం, చేరిపోయాం.

మూడో వారంలో పడకగదిలో, బాత్రూమ్‌ను ఆనుకుని ఉన్న గోడ కింది భాగంలో పెయింటు బుడగలా లేచింది. వేలితో నొక్కితే పొరలా ఊడొచ్చింది. కింద పుట్టీ తడిసి ముద్దగా ఉంది. దాని వెనక ప్లాస్టరింగ్ మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. మూడు వారాల్లో అంత ఉప్పు పట్టదు. గోడ తడిసి ఆరిన ప్రతిసారీ ఇటుకలోని, సిమెంటులోని లవణాలు నీళ్లతో పైకి వచ్చి అలా మిగిలిపోతాయి. అంటే ఎన్నోసార్లు తడిసి ఆరిన గోడ అది. దానిమీద కొత్త పుట్టీ పెట్టి, రంగేసి నాకు అమ్మారు.

రిపోర్టు మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఇన్‌స్పెక్టర్ వెంటనే గుర్తుపట్టాడు.

"ఆ గోడా? మీటర్ పెడితే తేమ ఎక్కువే చూపించింది సార్. బ్రోకరు గారికి ఆ రోజే చెప్పాను. కొత్త పెయింటు కదా, ఆరిపోతుంది, రాయొద్దన్నారు. మీకు తనే చెప్తానన్నారు. చెప్పలేదా?"

ఆ "చెప్పలేదా" దగ్గర నాకు నోట మాట రాలేదు. ఆయనకు ఫీజు ఇచ్చింది నేను. ఇంటికి అప్పు చేసింది నేను. ఆ గోడ పక్కన పడుకునేది నా పిల్లలు. నాకు చెప్పాల్సిన మాట తీసుకెళ్లి ఇల్లు అమ్మిపెట్టేవాడికి చెప్పాడు, వాడు వద్దంటే రాయడం మానేశాడు. "మరి గోడలు బాగున్నాయని ఎలా రాశారు?" అని అడిగితే "పగుళ్లు లేవు కదా సార్" అన్నాడు. రాత్రంతా ఆ మాటే చెవుల్లో తిరిగింది.

బ్రోకరుకు చేస్తే, "ఇన్‌స్పెక్షన్ చేయించుకునే కదా సార్ కొన్నారు, ఇప్పుడు నన్నడిగితే ఎలా?" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

తప్పు నాది కూడా ఉంది. ఇల్లంతా పాత రంగే ఉంటే, ఆ ఒక్క గది కొత్త పెయింటు వాసన వచ్చింది. "ఈ గది ఒక్కటే ఎందుకు వేయించారు?" అని మా ఆవిడ అప్పుడే అడిగింది. అమ్మేముందు ఎవరైనా వేయిస్తారులే అని నేనే కొట్టిపారేశాను. ఇప్పుడు ఆమె ఆ సంగతి ఎత్తడం లేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

తర్వాత వేరే ఇంజనీరును నేనే వెతికి పిలిచాను. ఈసారి ఆయన వెనకే తిరిగాను. నాణెంతో బాత్రూమ్ టైల్స్ మీద కొడుతూ వెళ్తే చాలాచోట్ల డొల్ల శబ్దం వచ్చింది. నీళ్లు పోయే కన్నం మూసి, నేలమీద నీళ్లు నిలబెట్టి 24 గంటలు ఉంచమన్నాడు. మర్నాటికి పడకగది గోడమీద తడి ఇంకా పైకి ఎక్కింది. నేల కింద వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతిందన్నాడు. ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటే బాత్రూమ్ వాడేవాళ్లు ఉండరు, గోడ పైకి పొడిగా కనిపిస్తుంది. ఖాళీ ఇల్లు కాబట్టి శుభ్రంగా ఉందని మేం సంబరపడ్డాం.

వంటగది స్లాబు అడుగున పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి కప్పేశారు. అది కూడా ఆయనే చూపించాడు. లోపలి ఇనప చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది. తుప్పు తీయకుండా పైన ఎంత పూసినా మళ్లీ ఊడుతుంది. రిపోర్టులో మాత్రం స్లాబు బాగుంది.

కొనబోయేవాళ్లు దయచేసి ఇన్‌స్పెక్టర్‌ని మీరే వెతుక్కోండి, అమ్మేవాళ్ల వైపు నుంచి ఎవరినీ తీసుకోవద్దు. ఎంత పనున్నా మానుకుని ఆయనతో పాటు వెళ్లండి. తేమ మీటర్ ఎక్కడ ఎంత చూపించిందో రాసిమ్మనండి. రిపోర్టు నేరుగా మీకే రావాలి. మామూలుగా వాళ్లు గోడలు పగలగొట్టి చూడరు, పైకి కనిపించేదే చూస్తారు. అందుకే కొత్తగా రంగేసిన చోటు, బీరువా అడ్డుపెట్టిన చోటు మీరే వేలుపెట్టి చూపించండి. లోపం బయటపడితే డబ్బు వెనక్కివ్వాలనే షరతు అడ్వాన్స్ ఇవ్వకముందే రాయించుకోండి. నేను రాయించుకోలేదు.

రేపు బాత్రూమ్ నేల పగలగొట్టడానికి మనుషులు వస్తున్నారు. ఫొటోలన్నీ తీసిపెట్టాను. ఫోన్‌లో చెప్పిన మాటే రాసి పంపమని ఇన్‌స్పెక్టర్‌కు మెసేజ్ పెట్టాను. చూశాడు, జవాబు ఇంకా రాలేదు.