టూర్ మ్యూజికల్ కోసం ఊరు దాటి వెళ్లాలా? టికెట్ కొనే ముందు తేల్చుకోవాల్సినవి

పాటలతో, నాట్యంతో నడిచే పెద్ద నాటకం, అంటే మ్యూజికల్, ఏదైనా ఊరూరా ఆడేందుకు టూర్ బయల్దేరిందనగానే అందరూ ముందు వెతికేది నటీనటుల పేర్లు. ప్రయాణం చేసి వెళ్లి చూసేవాళ్లకు అది ఆఖరున చూసుకోవాల్సిన సంగతి. ముందు తేలాల్సినవి మూడు. ఆ నాటకంలో లారీల్లోకి ఎక్కేది ఎంత, ఎక్కనిది ఎంత? అది దిగే హాలు ఎంత పెద్దది? వారంలో ఏ రోజు ఆటకు మంచి సీటు దొరుకుతోంది? మూడూ కుదిరితే ఐదారు గంటల ప్రయాణమైనా చేయొచ్చు. రెండు కుదరకపోతే గంట దూరంలో ఆడుతున్నా ఆగి ఆలోచించాలి.

లారీల సంగతి ముందు. అమెరికా టూర్లలో ఒక ఊళ్లో వారం ఆట అంటే సాధారణంగా మంగళవారం రాత్రి మొదలై ఆదివారం రాత్రి ముగుస్తుంది. మంగళ, బుధ, గురు, శుక్రవారాల్లో రాత్రి ఒక్కో ఆట, శని ఆదివారాల్లో రెండేసి, మొత్తం ఎనిమిది. ఆదివారం రాత్రి చివరి తెర పడీ పడగానే సెట్ విప్పడం మొదలుపెడతారు. అది రాత్రికి రాత్రే లారీలెక్కుతుంది, సోమ మంగళవారాల్లో తర్వాతి ఊళ్లో మళ్లీ బిగుస్తుంది. అంత తక్కువ సమయంలో బిగించి విప్పగలిగినవే టూర్ సెట్లో మిగులుతాయి. స్టేజీ నేలను కోసి అడుగున అమర్చాల్సిన లిఫ్టులు, కిందినుంచి పైకి లేచే కట్టడాలు ముందుగా పోతాయి. వాటి బదులు పక్కనుంచి తోసుకొచ్చే బండ్లు, పైనుంచి దిగే తెరలు, ప్రొజెక్షన్లు, ఎల్‌ఈడీ తెరలు వస్తాయి. తిరిగే వేదిక తప్పనిసరైన నాటకాలు దాన్ని బిగించిన నేలనే పలకలుగా మోసుకొచ్చి హాలు స్టేజీ మీద పరుస్తాయి. అందువల్ల వేదిక కాస్త ఎత్తు పెరుగుతుంది. టూర్ ఆటల్లో మొదటి రెండు మూడు వరసల వాళ్లకు నాట్యంలో పాదాలు సరిగ్గా కనపడకపోవడానికి ఇదొక కారణం.

టూర్ రూపం అంటే తక్కువ రకమని అనుకోవడానికి లేదు. ‘లే మిజరాబ్ల’ సంగతే చూడండి. 1985లో లండన్‌లో మొదలైన రూపానికి తిరిగే వేదిక ప్రాణం. 25వ వార్షికోత్సవం కోసం 2009 చివర్లో కార్డిఫ్‌లో మొదలైన టూర్ ఆ వేదికను పూర్తిగా తీసేసి, మూల నవల రాసిన విక్టర్ హ్యూగో సొంతంగా గీసిన బొమ్మల ఆధారంగా ప్రొజెక్షన్లు పెట్టింది. 2019లో లండన్‌లోని పాత రూపం ఆగిపోయి, బాగుచేసిన అదే థియేటర్లోకి ఈ కొత్త రూపమే వచ్చింది. అంటే పాత తిరిగే వేదిక కోసమే ఇప్పుడు లండన్ దాకా వెళ్లినా అది కనపడదు. ఈ ఒక్క నాటకానికి మాత్రం దగ్గర్లోకి వచ్చిన టూరే చాలు.

వాద్యబృందం విషయం దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ కోత కంటికి కనపడదు, చెవికి తెలుస్తుంది. ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ న్యూయార్క్‌లో 1988 జనవరి నుంచి 2023 ఏప్రిల్ దాకా, 13,981 ఆటలు, 27 మంది వాద్యకారులతో ఆడింది. లండన్‌లో అదే నాటకం 2021లో మళ్లీ తెరుచుకున్నప్పుడు 27 మందిని 14కి కుదించారు. శాశ్వతంగా ఆడే చోటే ఇంత కోత పడితే, రోడ్డు మీద కీబోర్డులు తంతి వాద్యాల పని చేయడంలో వింతేముంది? పాత బాణీ నాటకాలకు, వయొలిన్లు నిండుగా మోగాల్సిన వాటికి వెళ్లే ముందు టూర్ వాద్యబృందంలో ఎంతమందో వెతికి చూడండి. హాలువాళ్ల కార్యక్రమ పత్రంలో పేర్లు ఉంటాయి. ముందటి ఊరి పత్రం నెట్‌లో దొరికితే లెక్కపెట్టుకోవచ్చు. రాక్, పాప్ బాణీ నాటకాలకు ఈ బెంగ అక్కర్లేదు. అక్కడ అసలు బృందమే చిన్నది.

చెక్కుచెదరకుండా ప్రయాణించే నాటకాలూ ఉన్నాయి. ‘కమ్ ఫ్రమ్ అవే’లో 12 మంది నటులు, కొన్ని కుర్చీలు, బల్లలు. 100 నిమిషాలు, విరామం లేదు. ‘సిక్స్’లో ఆరుగురు గాయనులు, స్టేజీ మీదే నలుగురు వాద్యకారులు, దాదాపు 80 నిమిషాలు. ఇలాంటివి ఎక్కడ చూసినా దాదాపు ఒకటే. కాబట్టి మంచి హాలుకు వచ్చేదాకా ఆగి, అక్కడికే వెళ్లండి. రెండో కొసన జర్మనీలోని బోఖమ్ ఊళ్లో ‘స్టార్‌లైట్ ఎక్స్‌ప్రెస్’ ఉంది. 1988లో దాని కోసమే థియేటర్ కట్టారు, చక్రాల బూట్ల నటులు ప్రేక్షకుల మధ్య వేసిన బాటల్లో దూసుకుపోతారు. అటువంటి దాన్ని లారీలో పట్టించలేరు. అది చూడాలంటే దాని ఊరికే వెళ్లాలి.

ఇక హాలు. నిరాశపడి తిరిగొచ్చేవాళ్లలో ఎక్కువమంది నాటకాన్ని తిడతారు గాని, తప్పు చాలాసార్లు హాలుదే. న్యూయార్క్‌లోని పేరున్న నాటక హాళ్ల ప్రాంతం బ్రాడ్‌వేలో అన్నిటికన్నా పెద్దదైన గెర్ష్విన్‌లో సీట్లు 1,900 పైచిలుకు. ‘హామిల్టన్’ ఆడే రిచర్డ్ రాడ్జర్స్‌లో సుమారు 1,300. అదే అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్లో 4,600కు పైగా, ఎడిన్‌బరో ప్లేహౌస్‌లో 3,000 పైన. 1,300 మంది కోసం అల్లిన ముఖకవళికలు, మాట విరుపులు మూడింతల హాల్లో పైబాల్కనీ దాకా చేరడం కష్టం. ముఖ్యంగా మాటల మీద నడిచేవి, ర్యాప్ ఉన్నవి పెద్ద హాళ్లలో పలచబడతాయి. గుంపు నాట్యాలు, రంగురంగుల దృశ్యాలతో నడిచేవి తట్టుకుంటాయి. 2,000 లోపు హాలైతే సీటు గురించి అంతగా తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. 3,000 దాటితే కింది అంతస్తులో పదిహేనో ఇరవయ్యో వరస లోపు, లేదా మొదటి బాల్కనీ ముందు వరసలు దొరికితేనే ప్రయాణం పెట్టుకోండి. దొరకకపోతే అదే టూర్ వెళ్లే తర్వాతి ఊళ్లు చూడండి. కాస్త దూరమైనా చిన్న హాలే మేలు.

కింది అంతస్తులో వెనక వరసల మీద బాల్కనీ కప్పులా వాలి ఉంటుంది. ఆ నీడలో కూర్చుంటే సెట్ పైభాగం కోసుకుపోతుంది, శబ్దం మూసుకుపోయినట్టు వినిపిస్తుంది. పైనుంచి దిగే షాండ్లియర్ (వేలాడే దీపాల గుత్తి), గాల్లోకి లేచే పాత్ర ఉన్న నాటకాలకు అక్కడ కూర్చోవడం దండగ. ‘లయన్ కింగ్’లో మొదటి పాటకు జంతువుల వేషాల్లో నటులు ప్రేక్షకుల మధ్య దారుల్లోంచి నడిచి వస్తారు, దానికి కింది అంతస్తులో దారి పక్క సీటే సీటు. నాట్యం బలంగా ఉన్న నాటకానికి మొదటి బాల్కనీ ముందు వరసలు మంచివి, వరసల అల్లిక అంతా పైనుంచి తెలుస్తుంది. అయితే సరిగ్గా మొదటి వరసలో రెయిలింగు కమ్మీ కళ్లకు అడ్డం పడే హాళ్లున్నాయి. అది సీట్ మ్యాప్‌లో కనపడదు, ఆ సీటు నుంచి తీసిన ఫొటోలు వెతికితే తెలుస్తుంది.

రోజు ఎంచుకోవడంలో ఒకే సూత్రం: దూరం నుంచి వచ్చేవాళ్లు మంగళవారం వద్దు. మంచు వల్లనో, లారీ ఆలస్యమయ్యో సెట్ సమయానికి బిగియకపోతే దెబ్బ తగిలేది మొదటి ఆటకే. ఏ ఇబ్బందీ లేకపోయినా ఆ రాత్రి ధ్వని ఇంకా కుదురుకోదు. హాలు మారినప్పుడల్లా మైకుల లెక్క మారుతుంది, ఖాళీ హాల్లో సరిచూసుకున్న శబ్దం జనం నిండాక వేరుగా వినిపిస్తుంది. పైగా చాలా టూర్లు ముఖ్యమైన కొద్దిమంది వాద్యకారులనే వెంట తెచ్చుకుని, మిగతావాళ్లను ఏ ఊళ్లో ఆ ఊళ్లో తీసుకుంటాయి. వాళ్లు రెండు మూడు ఆటలకు కుదురుకుంటారు. గురువారం రాత్రి నా దృష్టిలో అన్నిటికన్నా మంచి ఆట: ధ్వని కుదురుతుంది, వారాంతపు రద్దీ ఉండదు, నటుల గొంతులు రెండేసి ఆటల అలసటకు ఇంకా లోనుకావు. ఒక ఊళ్లో రెండు మూడు వారాలు ఉంటే రెండో వారానికి వెళ్లండి.

టూర్ క్యాలెండర్‌లో ఇంకోటి చదవొచ్చు. ఊరికి వారం, రెండు వారాలు ఉంటే పెద్ద సెట్. రెండు రోజులకో ఊరు, ఒక్క రాత్రికో ఊరు అని ఉంటే అంత వేగంగా విప్పగలిగేలా సెట్‌ను ఇంకా తగ్గించారన్నమాట. ఏళ్ల తరబడి తిరిగిన టూర్ పెద్ద ఊళ్లు అయిపోయాక చిన్న ఊళ్లకు మళ్లేటప్పుడు ఈ మార్పు జరుగుతుంది. అలాంటి టూర్లు అమెరికాలో చాలావరకు నటుల సంఘమైన ఈక్విటీ ఒప్పందం లేకుండా నడుస్తాయి. నటులు చిన్నవయసు వాళ్లై ఉంటారు, గొంతులు బాగుంటాయి, దానికి జంకక్కర్లేదు. తగ్గేది సెట్, వాద్యబృందం. ఆ కాస్త దానికి రాత్రి బస, విమానం పెట్టుకోవద్దు. కారులో వెళ్లి వచ్చేంత దూరమైతే హాయిగా చూడండి.

ఇప్పుడు నటీనటులు. ముఖ్యపాత్రధారి జబ్బుపడితే ఆ పాత్ర నేర్చుకుని సిద్ధంగా ఉండే అండర్‌స్టడీ వేస్తారు. గుంపు పాత్రలకు స్వింగులు ఉంటారు, ఒక్కొక్కరు ఎన్నో పాత్రల నడకలన్నీ నేర్చుకుని సిద్ధంగా ఉంటారు. వారానికి కొన్ని ఆటలు ఆల్టర్నేట్ నటి వేసే ఏర్పాటు కొన్ని పాత్రలకు ముందునుంచే ఉంటుంది, ‘ఫాంటమ్’లో క్రిస్టీన్ అలాంటిదే. నాటకం పేరుకు పైన పేరు వేసిన తార రాకపోతే బ్రాడ్‌వేలో డబ్బు వాపసో, టికెట్ మార్పిడో అడిగే ఆనవాయితీ ఉంది. టూర్‌లో అది హాలు నిబంధనలను బట్టి ఉంటుంది, మిగతా నటుల విషయంలో ఆశ పెట్టుకోవద్దు. ఒకే ఒక్క మనిషిని చూడటానికి ప్రయాణం కట్టే పనైతే, ఆ వారం ఆ మనిషికి సెలవుందేమో ప్రకటనలు చూశాకే కదలండి.

టికెట్ హాలు సొంత సైట్లోనే కొనండి. వెతికినప్పుడు అన్నిటికన్నా పైన కనిపించేది చాలాసార్లు మారుబేరగాళ్ల ప్రకటన. తమ దగ్గర ఇంకా లేని సీటును ముందే అమ్మేవాళ్లూ ఉన్నారు. ఊరి వాళ్లకైతే తలనొప్పితో పోతుంది, మీకు ప్రయాణమే పోతుంది. తక్కువ ధర సీట్లకు తీసే లాటరీని, ఆ రోజు ఉదయం అమ్మే తగ్గింపు టికెట్లను నమ్ముకుని ఊరు దాటకండి. మంచి సీట్లు అయిపోయాయని కనిపించినా ఆట వారం మళ్లీ చూడండి. ధ్వని బల్లకు, కెమెరాలకు, నిర్మాతల అతిథులకు పక్కన పెట్టిన సీట్లను, సెట్ దిగి, అవసరం లేదని తేలాక అమ్మకానికి వదులుతారు. అవి తరచు మధ్య వరసల్లోనివే.

కొనే క్రమం కూడా ముఖ్యం. మొదట రద్దు చేసుకోగల గది. తర్వాత టికెట్. వాపసు రాని రైలో విమానమో ఆఖరున. ఆట రద్దయితే టికెట్ డబ్బు తిరిగొస్తుంది, గదికీ ప్రయాణానికీ అయిన ఖర్చు హాలువాళ్లు ఇవ్వరు. విమానంలో వెళ్లేవాళ్లు ముందురోజే దిగాలి. ఆట రోజు మధ్యాహ్నం దిగే విమానం ఒక్కటి ఆలస్యమైతే మొదటి అంకం పోయినట్టే.

గది విషయంలో హాలుకు నడిచి 15, 20 నిమిషాల్లో చేరే చోటు చూడండి. ఆట వదలగానే వేలమంది ఒక్కసారిగా ట్యాక్సీల కోసం నిలబడతారు, ఆ అరగంట నడిచి వెళ్లేవాళ్లకు మిగులుతుంది. అదే డబ్బుకు దూరంగా దొరికే పెద్ద గది కన్నా దగ్గరున్న మామూలు గది నయం. పెట్టెలు గదిలోనో, హోటల్ వాళ్ల దగ్గరో వదిలి వెళ్లాలి. చాలా హాళ్లు పెద్ద సంచులను లోపలికి రానివ్వవు, ఆ కొలత టికెట్ ఈమెయిల్ అడుగున ఉంటుంది.

బస లేకుండా వెళ్లి రావాలంటే మధ్యాహ్నం ఆటే దారి. 2 గంటలకు మొదలయ్యే 2 గంటల 45 నిమిషాల నాటకం 5 లోపు వదులుతుంది. రాత్రి 7:30కు మొదలైతే 10:15, బయటపడేసరికి 10:30. చివరి రైలు 10:40కి ఉంటే నమ్ముకోవద్దు, తెర ఐదు పది నిమిషాలు ఆలస్యంగా లేవడం మామూలే. ‘వికెడ్’ నిడివి ఆ 2 గంటల 45 నిమిషాలే, ‘హామిల్టన్’ కూడా ఇంచుమించు అంతే. ఆలస్యంగా వస్తే సందు దొరికేదాకా బయటే నిలబెడతారు. విరామం లేని నాటకాలైతే కొన్ని హాళ్లు అసలు లోపలికే పంపవు.

మనవాళ్లకు ఇంకో మాట. పాటల్లో కథ నడిచే నాటకం మొదటిసారి చెవికి అందడం ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాళ్లకే కష్టం. రెండు వారాల ముందు నుంచి ఆల్బమ్ రెండు మూడుసార్లు, సాహిత్యం ముందుంచుకుని వినండి. తెర మీద మాటలు చూపే క్యాప్షన్ ఆట చాలా ఊళ్లలో ఒక రోజు ఉంటుంది. తల్లిదండ్రులను తీసుకెళ్తుంటే గురువారాన్ని వదిలి ఆ రోజే ఎంచుకోండి. ఆ తెర అన్ని సీట్ల నుంచీ కనపడదు కాబట్టి సైట్లో కొనకుండా హాలు టికెట్ కౌంటరుకు (బాక్సాఫీసుకు) ఫోన్ చేసి, తెర ఏ పక్క పెడతారో అడిగి, అటువైపు సీట్లు తీసుకోండి.