పాత చందమామలా, దయ్యాల సినిమా పోస్టర్లా?

నల్లగొండల ఉండి పాత దయ్యాల సరుకు కలెక్ట్ చేద్దామనుకునేటోళ్లను నేనైతే ముందు చందమామలే కొనమంట. 1947ల మొదలైన పత్రిక, బేతాళ కథకు శంకర్ గీసిన బొమ్మ ఉంటది సూడు, భుజం మీద శవం, చేతిల కత్తి, ఎంతసేపు చూసినా తనివి తీరది. ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓపికతోని వెతికితే దొరుకుతయ్, కాకపోతే పిన్నులు తుప్పు పట్టి నడిమి పేజీలు ఊడిపోయి ఉంటయ్, అట్టతోని సహా అన్నీ ఉన్నయా లేవా చూసుకోవాలె.

పోస్టర్ల సంగతి వేరే, గోడలకు మైదాపిండితోని అతికించినయ్ ఎప్పుడో చినిగిపోయినయ్, అతికించకుండ మిగిలినయే మనకు దక్కుతయ్ కాబట్టి రేటెక్కువ, పైగా మడతల కాడ రంగు లేస్తది, కొత్తగ ప్రింట్ కొట్టి పాతదని అంటగట్టేటోళ్లు కూడ ఉంటరు. ఫ్రేం కట్టిస్తే అందం మాత్రం పోస్టర్‌దే, ఒప్పుకుంట. ఎండ తగలనియ్యొద్దు, లామినేషన్ అసలే వద్దు.