ఇంట్లో పాటలకు ఏ ప్లేయరు మేలు?

హాల్లోని స్పీకరుకు బ్లూటూత్‌తో ఫోను కలిపి పాట పెట్టాను. మొదటి చరణంలో ఉండగా ఫోను మోగింది, పాట ఆగింది. రుణం కావాలా అని ఏదో బ్యాంకు వాళ్లు అడిగి పెట్టేశాక, వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది: “నీకు ఫోను వస్తే నా పాట ఎందుకు ఆగాలిరా?”

న్యాయమైన ప్రశ్న. రేడియో రోజుల్లో ఇంటికి చుట్టాలు వచ్చినా పాట ఆగేది కాదు. ఆ ప్రశ్న పుణ్యమా అని ఐదారు ప్లేయర్లు, అంటే పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్లు, మార్చి చూశాను. ఇది చందా కట్టి వినే సేవల గురించి కాదు, మన డిస్కులో మనం దాచుకున్న పాటల గురించి.

ప్లేయర్లను పోల్చేవారు చాలామంది ధ్వని నాణ్యతతో మొదలుపెడతారు. ఇంట్లో వినడానికి అది దాదాపు తేలిపోయిన సంగతి. సీడీ ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లు. ఇంటి వైఫైకి అది బరువే కాదు. నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా మార్చుకుంటే 5 నిమిషాల పాట ఇంచుమించు 30 ఎంబీ, వెయ్యి పాటలైనా 30 జీబీ దగ్గర ఆగుతాయి. ఫైలును మార్చకుండా పంపినంత కాలం ఏ ప్లేయరైనా ఒకటే. అరిగిపోయిన కేసెట్ నుంచి ఎక్కించిన పాటను ఫ్లాక్‌లో దాచితే, టేపు బుసను నాణ్యంగా దాచుకున్నట్టే తప్ప ఒరిగేది లేదు.

నేను చూసేది రెండే. పాట ఫోను గుండా వెళుతోందా, లేక ఫోను రిమోటుగా మాత్రమే ఉందా అన్నది మొదటిది. తెలుగు సినిమా పాటలను ఆ ప్లేయరు ఎలా సర్దుతుందన్నది రెండోది.

మొదట బబుల్‌యూపీఎన్‌పీ అనే ఫోను యాప్. ఇంటి నెట్‌వర్కులోంచి పాటలు అందుకునే డీఎల్‌ఎన్‌ఏ పద్ధతి తెలిసిన టీవీ, పాత రిసీవరు ఏదైనా ఇంట్లో ఉంటే కొత్తగా ఏమీ కొనకుండా పని మొదలవుతుంది. సర్వర్‌లో, అంటే పాటలు దాచి పంపే కంప్యూటర్‌లో, ఉన్న పాట నేరుగా టీవీకి వెళుతుంది, కాబట్టి ఫోను మోగినా ఆగదు. సంబరపడ్డాను. కానీ పాటల వరస మాత్రం ఫోనులోనే ఉంటుంది. బ్యాటరీ ఆదా పేరుతో ఫోను ఆ యాప్‌ను నిద్రపుచ్చిందంటే, నడుస్తున్న పాట పూర్తవుతుంది, తరవాతి పాట మొదలుకాదు. పైగా కచేరీ రికార్డులో ఆలాపన ఒక ట్రాకు, కృతి మరో ట్రాకు అయితే, రెండింటి మధ్య ఒక క్షణం మౌనం. చాలా టీవీలకు ట్రాకులను అతుకు కనబడకుండా కలపడం రాదు. సినిమా పాటలకు ఇది పట్టదు గాని, రాగం తానం పల్లవి వింటున్నప్పుడు పంటికింద రాయే.

జెల్లీఫిన్ 2018 చివర్లో ఎంబీ (Emby) అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి పుట్టిన ఉచిత సర్వర్. ఇంట్లో సినిమాల కోసం ఇప్పటికే పెట్టుకుని ఉంటే, ఫిన్‌యాంప్ అనే యాప్ వేసుకుని పాటలూ వినవచ్చు. పాటల కోసమే అయితే ఇంత సరంజామా అక్కర్లేదు. అది మనసు పెట్టేది వీడియో మీదే.

నావిడ్రోమ్ అలా కాదు, పాటల కోసమే పుట్టిన సర్వర్. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మీద కూడా ఉన్నట్టే తెలియకుండా నడుస్తుంది. దీనికి సొంత ఫోను యాప్ లేదు; సర్వర్‌తో మాట్లాడే సబ్‌సోనిక్ అనే పద్ధతి తెలిసిన ఏ యాప్ అయినా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్‌లో నేను వాడేది సింఫోనియం. ఒకసారి డబ్బు కడితే చాలు. బస్సులో వినడానికి పాటలు ముందే దింపుకోవచ్చు, ఇంటికి వచ్చాక టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్‌కు పంపవచ్చు.

ఇక ట్యాగుల గోల, అంటే పాట ఫైలులో రాసి ఉంచే సినిమా, గాయకుడు వంటి వివరాల గోల. పాశ్చాత్య ఆల్బమ్ అంటే సాధారణంగా ఒక గాయకుడు లేదా ఒక బృందం. మనకు ఆల్బమ్ అంటే సినిమా, అందులో ఐదుగురు గాయకులు. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి ఖాళీగా ఉంటే ఒకే సినిమా చాలా ప్లేయర్లలో ఐదు ముక్కలవుతుంది. ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు పెడితే ముక్కలు అతుక్కుంటాయి. ఇప్పుడు ఘంటసాల పేరు నొక్కండి. ఆయన పాడినవి రావాలా, స్వరపరిచినవి రావాలా? ఆయన బాణీకి పి.సుశీల పాడిన పాట ఏ గదిలో ఉండాలి? స్వరకర్తను గాయకుడి నుంచి విడిగా చూడగల ప్లేయరుకే దీనికి జవాబు తెలుసు. నావిడ్రోమ్ ఈ మధ్య వెర్షన్లలో స్వరకర్త, గీత రచయిత వంటి పాత్రలను విడివిడిగా చదువుతోంది. ఇళయరాజా పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసి ఉంటే మాత్రం ఏ ప్లేయరూ ఏమీ చేయలేదు. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వంటి ట్యాగులు దిద్దే సాఫ్ట్‌వేరుతో కూర్చుని మనమే దిద్దుకోవాలి. నాకు రెండు ఆదివారాలు పట్టింది.

అమ్మ ప్రశ్నకు అసలు జవాబు దొరికింది లిరియన్ మ్యూజిక్ సర్వర్‌లో. లాజిటెక్ వారి స్క్వీజ్‌బాక్స్ అనే పాటల పెట్టెల కోసం నడిచిన సాఫ్ట్‌వేరే, ఇప్పుడు అభిమానుల చేతుల్లో కొత్త పేరుతో బతుకుతోంది. ఆ పెట్టెల అమ్మకం ఎప్పుడో ఆగిపోయింది. వాటి బదులు రాస్ప్‌బెరీ పై మీద పైకోర్‌ప్లేయర్ అనే సాఫ్ట్‌వేరు వేసి స్పీకరుకు తగిలిస్తే సరిపోతుంది. ఇందులో పాటల వరస సర్వర్‌లోనే ఉంటుంది. ఫోను ఆపేసి బీరువాలో పెట్టినా పాటలు వరసగా వస్తూనే ఉంటాయి. హాలు, వంటిల్లు జతచేస్తే రెండు చోట్లా పాట ఒక్క అడుగు కూడా తేడా లేకుండా నడుస్తుంది. ఆలాపనకూ కృతికీ మధ్య మౌనం లేదు. స్వరకర్తల జాబితా కూడా ఒక చిన్న అమరికతో తెరుచుకుంటుంది. ముఖం మాత్రం పాతకాలపుది. మెటీరియల్ స్కిన్ అనే ప్లగిన్ వేసుకుంటే తప్ప చూడబుద్ధి కాదు. మొదటిసారి అమర్చడానికి ఓ సాయంత్రం ఖర్చవుతుంది.

ప్లెక్స్ అనే సర్వర్‌కు జతగా వచ్చే ప్లెక్స్‌యాంప్ చూడడానికి అందరిలోకీ అందగాడు. ఒకే తీరులో వినిపించే పాటలను ఏరి వరస కట్టే విద్య దాని ప్రత్యేకత, కానీ ఆ విద్యకు ప్లెక్స్ పాస్ కొనాలి. ఇంట్లో ఉన్న పాట వినడానికి ఖాతా తెరవమనడం నాకు గిట్టలేదు. రూన్ అనే ప్లేయరు ఇంకా ఖరీదు. దాన్ని 2023లో హర్మన్ అనే ఆడియో కంపెనీ కొన్నది. ఖరీదైన స్పీకర్లున్న వారికి ఆ చందా బరువనిపించదేమో.

చివరికి రెండూ ఉంచుకున్నాను. ఇంట్లోకి లిరియన్, గడప దాటాక నావిడ్రోమ్. రెండూ ఒకే రాస్ప్‌బెరీ పై మీద, ఒకే ఫోల్డరును చదువుతూ కొట్టుకోకుండా ఉన్నాయి. ఒక్కటే పెట్టుకుంటానంటే, ఒంటరిగా హెడ్‌ఫోనుతో వినేవారికి నావిడ్రోమ్. నలుగురున్న ఇంటికి లిరియన్. ఐఫోను వారికి సింఫోనియం దొరకదు, యాంపర్‌ఫై చూడండి.

నిన్న ఫోను రెండుసార్లు మోగింది. వంటింట్లో పాట నడుస్తూనే ఉంది. ఇప్పుడు అమ్మ ఫిర్యాదు మరొకటి: ఆపాలంటే బటను ఎక్కడుందని.